కవిత్వానికీ చిత్రలేఖనానికీ చుట్టరికం: 18వ శతాబ్దపు ఆంగ్ల పద్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కవిత్వమూ చిత్రలేఖనమూ అక్కచెల్లెళ్ళన్న భావన ఇంగ్లండులోనే పుట్టిందా?

కాదు. చిత్రం మూగ కవిత్వమనీ, కవిత్వం మాట్లాడే చిత్రమనీ గ్రీకు కవి సిమొనిడీస్ అన్నట్టు ప్లూటార్క్ రాసిపెట్టాడు. రోమన్ కవి హొరేస్ కావ్యరచన గురించి రాసిన పద్యలేఖలో, కొన్ని బొమ్మలు దగ్గర నుంచి చూస్తే బాగుంటాయి, కొన్ని దూరం నుంచి చూస్తే బాగుంటాయి, కావ్యాల సంగతీ అంతేనని చెబుతూ కవిత్వం చిత్రం వంటిదన్నాడు. ఆయన ఉద్దేశించింది అంతవరకే. అయితే పునరుజ్జీవన కాలం నుంచి యూరపు పండితులు ఆ ఒక్క ముక్కను సందర్భం నుంచి తుంచి, రెండు కళలకూ ఒకే శాస్త్రం ఉన్నట్టు సూత్రీకరించారు.

ఇంగ్లండులో ఈ ఆలోచనకు ఊపు వచ్చింది 1695లో. డ్యు ఫ్రెనాయ్ అనే ఫ్రెంచి చిత్రకారుడు చిత్రకళ మీద లాటిన్‌లో రాసిన పద్యకావ్యాన్ని కవి జాన్ డ్రైడెన్ ఆ యేడు ఇంగ్లీషు వచనంలోకి తెచ్చి, రెండు కళలనూ అంశాల వారీగా పోలుస్తూ దీర్ఘమైన పీఠిక జతచేశాడు. బొమ్మకు రంగులు ఎటువంటివో కావ్యానికి పదజాలం అటువంటిదని ఆయన అందులో తేల్చాడు. 1716లో ఆ పుస్తకం మళ్ళీ అచ్చయినప్పుడు, చిత్రకారుడైన మిత్రుడు చార్ల్స్ జర్వస్‌ను సంబోధిస్తూ కవి అలెగ్జాండర్ పోప్ రాసిన పద్యలేఖ అందులో చేరింది. అక్కచెల్లెళ్ళయిన ఈ కళల మీది మోహంతోనే తామిద్దరూ కలిశామని పోప్ అందులో చెప్పుకున్నాడు. అదే లాటిన్ కావ్యాన్ని 1783లో విలియం మేసన్ పద్యంలోకి అనువదిస్తే, దానికి చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ వ్యాఖ్యలు రాశాడు. ఒకే గ్రంథం చుట్టూ దాదాపు తొంభై ఏళ్ళపాటు కవులూ చిత్రకారులూ చేరుతూనే ఉన్నారన్నమాట.

పోప్ నిజంగా బొమ్మలు వేశాడా?

వేశాడు. 1713లో, పాతికేళ్ళ వయసులో, లండన్‌లో జర్వస్ ఇంట్లోనే మకాం పెట్టి ఆయన దగ్గర శిష్యరికం చేశాడు. తన పనితనం ఎంతటిదో ఆయనకు తెలియకపోలేదు. మూడు స్విఫ్ట్‌లనూ (రచయిత జోనథన్ స్విఫ్ట్ బొమ్మలు), ఒక డచెస్‌నూ, అరడజను మంది ప్రభువులనూ గీసి అవతల పారేశానని ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో తనను తానే ఆటపట్టించుకున్నాడు. నటుడు బెటర్టన్ రూపచిత్రానికి ఆయన వేసిన నకలు ఒకటి మిగిలి ఉంది.

చిత్రకారుడిగా ఆయన నిలబడలేదు గాని, ఆ శిక్షణ ఆయన పద్యానికి రెండు రకాలుగా ఉపకరించింది. మొదటిది, వెలుగునీడలను అమర్చడం. రెండవది, మనిషి ముఖాన్ని ఎంతవరకు గీయవచ్చో, ఎక్కడ గీత లొంగదో తెలియడం. తోటల పెంపకమంతా ప్రకృతి దృశ్యాలను చిత్రించడమేనని ఆయన తరచూ అనేవాడు. ట్వికెన్‌హామ్‌లోని తన ఇంట్లో కట్టించుకున్న గుహ తలుపులు మూస్తే, బయటి నదీ, కొండలూ, పడవలూ లోపలి గోడల మీద కదిలే బొమ్మలుగా పడతాయని 1725లో ఒక మిత్రుడికి ఉత్సాహంగా రాశాడు.

ఒక పద్యంలో చిత్రకారుడి చూపు ఎలా పనిచేస్తుందో ఉదాహరణతో చెప్పగలరా?

పోప్ 1713లో ప్రకటించిన 'విండ్సర్ ఫారెస్ట్' మొదట్లో అడవి వర్ణన ఉంది. ఊగే తోపులు కొంత వెలుతురును లోపలికి రానిచ్చి, కొంత అడ్డుకుంటాయి. ఇక్కడ నిండు వెలుగులో గోధుమరంగు మైదానాలు పరుచుకుంటే, అక్కడ మేఘాలు చుట్టుకున్న నీలిరంగు కొండలు లేస్తాయి. దగ్గరి నేలకు మట్టిరంగు, దూరపు కొండకు నీలం అన్నది ఆనాటి చిత్రకారుల వర్క్‌షాపులో మొదటి పాఠం. 'ఇక్కడ', 'అక్కడ' అన్న రెండు మాటలతో కవి మన చూపును పటంలో ముందు నుంచి వెనక్కి నడిపిస్తాడు.

అదే కావ్యంలోని అడవికోడి భాగం ఇంకా పైమెట్టు. పొదలోంచి రెక్కలు టపటపలాడిస్తూ ఆ పక్షి విజయగర్వంతో పైకి లేస్తుంది. మరుక్షణమే గుండు తగిలి, నెత్తుటిలో గిలగిలలాడుతూ నేలను కొట్టుకుంటుంది. సరిగ్గా ఇక్కడ, పక్షి పడిపోయిన తర్వాత, కవి రంగులు బయటికి తీస్తాడు: మెరుస్తూ మారే వన్నెలు, ఊదారంగు కుచ్చు, ఎర్రటి వలయాల కళ్ళు, ఈకల్లో విప్పారే పచ్చదనం, బంగారంలా మండే రొమ్ము. ఇవన్నీ ఉండి ఏం లాభమని ప్రశ్నిస్తాడు. చచ్చిన పక్షిని డచ్చి చిత్రకారులు ఎంతో అందంగా వేశారు, ఎగిరే పక్షినీ వేశారు. కానీ బతికి ఉన్నంతసేపూ దాని రంగులను మన కంట పడనీయకుండా దాచి, ప్రాణం పోతుండగా చూపించే వీలు కుంచెకు లేదు. ఆ వరుస పద్యానికే సాధ్యం. ఈ శతాబ్దపు మంచి కవులు చిత్రకారుడి కన్నును అరువు తెచ్చుకుని, దానితో చిత్రకారుడు చేయలేని పనులు చేశారన్నది నా అభిప్రాయం. కింది సమాధానాలు చాలావరకు ఆ అభిప్రాయానికి ఉదాహరణలే.

జాన్ డయ్యర్ పేరు ఎందుకు తరచూ వినిపిస్తుంది?

ఈ కవుల్లో చిత్రకారుడిగా పద్ధతిగా చదువుకున్నవాడు ఆయనే గనుక. వేల్స్‌కు చెందిన డయ్యర్, లండన్‌లో జోనథన్ రిచర్డ్‌సన్ అనే ప్రసిద్ధ రూపచిత్రకారుడి దగ్గర నేర్చుకుని, ఇటలీ వెళ్ళివచ్చి, 1726లో 'గ్రాంగర్ హిల్' ప్రకటించాడు. కార్మార్తెన్‌షైర్‌లో టవీ నదీలోయ మీదికి చూసే ఆ చిన్న కొండ ఆయన కుటుంబపు ఇంటికి దగ్గరలోనే ఉంది. కావ్యారంభంలోనే ఆయన ఒక మౌన దేవతను పిలిచి, నీ రంగులన్నీ తీసుకుని వచ్చి నీ సోదరి అయిన కవితా దేవతకు తోడ్పడమని వేడుకుంటాడు.

కవి కొండ ఎక్కుతున్న కొద్దీ దృశ్యం వెడల్పవుతుంది. మొదట ఎత్తుగా కనిపించిన పక్క కొండ, తాను మరికొంత పైకి వెళ్ళేసరికి కిందికి కుంగిపోతుంది. పటం ఎదుట నిలబడిన ప్రేక్షకుడి చోటు మారదు, ఇక్కడ మాత్రం ప్రతి ద్విపదకూ మారుతూ పోతుంది. చెట్ల దగ్గరికి వచ్చినప్పుడు డయ్యర్ పాత వృత్తి బయటపడుతుంది. పైన్ చెట్టుకు దిగులు ఛాయ, పాప్లర్‌కు నీలం, బీచ్‌కు పసుపు, యూ చెట్టుకు నలుపు అంటూ రంగుల పలకను చేత్తో పట్టుకున్నట్టే సాగుతాడు. దూరపు శిఖరాలు గాలి రంగులు కట్టుకుని మృదువుగా కనిపిస్తాయనీ, దగ్గరికి వెళ్ళినవారికి అవే బోడిగా, గోధుమరంగులో, గరుకుగా ఉంటాయనీ ఒకచోట అంటాడు. చిత్రకారులు దూరాన్ని చూపడానికి వాడే ఉపాయం ఆయన చేతిలో మనిషి ఆశలను గురించిన మాటగా మారింది. రేపు ఎప్పుడూ నీలిరంగులోనే కనిపిస్తుంది, ఈరోజు మాత్రం మబ్బుపట్టే ఉంటుంది.

ఆ శతాబ్దపు ప్రసిద్ధ విమర్శకుడు డాక్టర్ జాన్సన్ ఈ కావ్యాన్ని డయ్యర్ రచనల్లోకెల్లా హాయి గొలిపేదిగా మెచ్చుకుంటూనే, రచన అంత నిర్దుష్టంగా లేదన్నాడు. రెండు మాటలూ నిజమే.

క్లాడ్, రోజా, పూసాన్ అన్న పేర్లు ఈ చర్చలో పదేపదే ఎందుకు వస్తాయి?

ముగ్గురూ 17వ శతాబ్దంలో ఇటలీలో పనిచేసిన చిత్రకారులు. సంపన్నుల ఇళ్ళల్లోని మారుమూల గదుల దాకా వీళ్ళ పటాలో, నకళ్ళో, రాగిరేకు మీద చెక్కి అచ్చొత్తిన ప్రతులో చేరాయి. కవి జేమ్స్ థామ్సన్ 1748 నాటి 'ది కాసిల్ ఆఫ్ ఇండొలెన్స్'లో ముగ్గురినీ రెండే పాదాల్లో ఇమిడ్చాడు: లొరేన్ (క్లాడ్‌కే మరో పేరు) మెత్తని వన్నెలతో తేలికగా తాకినదీ, రౌద్రుడైన రోజా విసిరికొట్టినదీ, పండితుడైన పూసాన్ గీసినదీ అని. చదువరికి ఈ పేర్లు చెబితే చాలు, సాయంకాలపు బంగారు వెలుగూ, విరిగిన కొండచరియలూ, ప్రాచీన కట్టడాలూ మనసులో కదిలేవి.

ఆ కవులు ఈ బొమ్మలను ఎక్కడ చూసేవారు? అప్పట్లో మ్యూజియంలు ఉండేవా?

లండన్‌లో నేషనల్ గ్యాలరీ 1824లో గాని రాలేదు. కళాకారుల బహిరంగ ప్రదర్శనలు 1760లో మొదలయ్యాయి, రాయల్ అకాడమీ 1768లో ఏర్పడింది. అంతకుముందు చూడాలంటే ఇటలీ యాత్ర చేయాలి, ప్రభువుల భవనాల్లోకి అనుమతి సంపాదించాలి, లేదా అచ్చు బొమ్మలతో సరిపెట్టుకోవాలి. అచ్చు బొమ్మల్లో రంగు ఉండదు. అసలు పటాన్ని చూడని పాఠకుడికి క్లాడ్ రంగులు ఎటువంటివో చాలాసార్లు పద్యమే చెప్పింది.

థామ్సన్ 'ది సీజన్స్'ను చిత్రాల వరుస అనవచ్చా?

అనేవారు ఉన్నారు. 1726లో 'వింటర్'తో మొదలై 1730లో నాలుగు ఋతువులూ ఒకే సంపుటంగా వచ్చినప్పుడు, ఒక్కో ఋతువుకు విలియం కెంట్ గీసిన బొమ్మ ఒకటి చేర్చారు. అయినా థామ్సన్ గొప్పతనం నిశ్చల దృశ్యాల్లో లేదు.

'స్ప్రింగ్'లో హాగ్లీ ఉద్యానవనం మీది నుంచి కనిపించే దృశ్యాన్ని చూడండి. కొండ నెత్తికి చేరగానే దృశ్యం ఒక్కసారిగా బద్దలై పరుచుకుంటుంది. ఆ తర్వాత వాక్యం కొండలూ లోయలూ, అడవులూ పచ్చికలూ, నల్లబడుతున్న బీడు భూములూ, చెట్ల ఒడిలో ఒదిగిన పల్లెలూ, పొయ్యిల పొగ సుడులతో గుర్తుపట్టగలిగే పట్నాలూ దాటుకుంటూ, ఊపిరి తిప్పుకోనివ్వకుండా, పాదం తర్వాత పాదంగా పోయి, దూరాన మబ్బుల్లా నీలి అంచున లేచే వేల్స్ పర్వతాల దగ్గర ఆగుతుంది. ఇక్కడ తిరిగేది నీ కన్ను అని థామ్సన్ స్పష్టంగానే చెబుతాడు. ఆ కన్ను చేసే ప్రయాణమే ఆ వర్ణనకు అసలు వస్తువు.

'వింటర్'లో మంచులో దారితప్పిన పల్లెటూరి మనిషి మరణం మరో తరహా ఉదాహరణ. తెలిసిన పొలమే ఆయనకు అపరిచితమవుతుంది. ఇంట్లో భార్య నిప్పు రాజేసి, బట్టలు వెచ్చబెట్టి ఎదురుచూస్తుంది, పిల్లలు తుఫానులోకి తొంగిచూస్తూ నాన్న కోసం ఏడుస్తారు. ఈ ఇంటిని కవి చూపేది బయట చావు దగ్గరపడుతున్న సమయంలోనే. రెండు చోట్లు, ఒకే ఘడియ, వాటి మధ్య తెగని దూరం.

న్యూటన్‌కు దీనితో సంబంధం ఏమిటి?

తెల్లని వెలుగులో ఏడు రంగులు దాగి ఉన్నాయని వివరించిన న్యూటన్ 'ఆప్టిక్స్' 1704లో వెలువడింది. 1727లో ఆయన మరణించినప్పుడు థామ్సన్ రాసిన స్మృతి కావ్యంలో ఆ ఏడు రంగులూ శాస్త్రం చెప్పిన వరుసలోనే, ఒక్కోదానికి ఒక్కో విశేషణంతో వస్తాయి. కవులకు రంగు మీద కొత్త గౌరవం కలిగింది. జోసెఫ్ అడిసన్ 1712లో 'స్పెక్టేటర్'లో కల్పనాశక్తి మీద రాసిన వ్యాసాల్లో చూపునే ఇంద్రియాలన్నిటిలోనూ శ్రేష్ఠమైనదిగా నిలబెట్టడం కూడా ఈ వాతావరణంలోదే.

అమూర్త భావాలకు దేవతా రూపాలివ్వడం ఈనాటి పాఠకులకు కృతకంగా తోస్తుంది. అప్పటివారికి ఎందుకు నచ్చేది?

వాళ్ళకు అవి కనిపించేవి గనుక. భవనాల పైకప్పుల మీద, సమాధి శిల్పాల్లో, నాణేల మీద న్యాయమూ, కీర్తీ, కాలమూ మనుషుల రూపంలో ఉండేవి. ఏ భావానికి ఏ వస్త్రం, చేతిలో ఏ గుర్తు ఉండాలో చెప్పే ఇటలీ రచయిత రీపా పుస్తకం 1709లో ఇంగ్లీషులోకి వచ్చింది. కాబట్టి పెద్దక్షరంతో రాసిన ఒక్క నామవాచకం చదివినా ఆనాటి పాఠకుడి మనసులో ఒక విగ్రహం నిలబడేది. సాధారణ కవులు ఈ సౌకర్యాన్ని దుర్వినియోగం చేశారు, అందులో సందేహం లేదు.

విలియం కాలిన్స్ మాత్రం ఆ సంప్రదాయాన్ని కరిగించి చూపాడు. 1746 చివర్లో వెలువడిన 'ఓడ్ టు ఈవెనింగ్'లో సంధ్య మొదట రథమెక్కే వనకన్యగా వస్తుంది. కవి ఒక కొండవాలు గుడిసెలోంచి చూస్తుంటాడు. బీడులు, పొంగే ఏరులు, మసక గోధుమరంగు పల్లెలు, లీలగా తోచే చర్చి శిఖరాలు. ఎక్కడో ఒక చిన్న గంట మోగుతుంది. అప్పుడు సంధ్య మంచు తడిసిన వేళ్ళతో అన్నిటి మీదా చీకటి ముసుగు మెల్లగా లాగుతుంది. ఆ వేళ్ళు మనిషివి, ఆ ముసుగు ప్రకృతిది, రెంటికీ నడుమ గీత ఎక్కడుందో చెప్పలేం. ఇందులో అంత్యప్రాస లేకపోవడం కూడా ఆ గీతను చెరపడానికి తోడ్పడింది.

వ్యంగ్య కవిత్వానికీ చిత్రకళకూ ఏమైనా పొత్తు ఉందా?

చాలా ఉంది. పోప్ 1735లో ప్రకటించిన 'ఎపిజిల్ టు ఎ లేడీ' రూపచిత్రాల గదిలో నడుస్తున్నట్టు మొదలవుతుంది. ఒకే గొప్పింటి ఆడవారు ఒక పటంలో ప్రభువుల భార్యగానూ, మరో పటంలో ఊట పక్కన గొల్లపిల్లగానూ, ఇంకో పటంలో హంసతో ఉన్న లీడాగానూ, పశ్చాత్తాపపడే మగ్దలీనాగానూ వేయించుకుంటారు. ఇన్ని వేషాలు వేసే మనిషిని ఎలా పట్టుకోవాలి? పోప్ రంగులు సిద్ధం చేయమంటాడు, కుంచెను ఇంద్రధనుస్సులో ముంచమంటాడు, గట్టి మేఘమొకటి ఎంచుకుని, అది జారిపడేలోగా, ఈ నిమిషపు సింథియాను (చంద్రదేవతను) ఆమె మారిపోకముందే పట్టమంటాడు. స్త్రీల చంచలత్వం మీద ఆయన తీర్పు మనకు నచ్చనవసరం లేదు. నిలిచి ఉండే రంగుతో నిలకడ లేనిదాన్ని పట్టాలన్న కష్టాన్ని ఇంత చురుగ్గా చెప్పిన పద్యం మాత్రం ఇంకొకటి దొరకడం అరుదు.

ఆ వేషాల పిచ్చిని ఆలివర్ గోల్డ్‌స్మిత్ కూడా 1766 నాటి తన నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'లో ఎగతాళి చేశాడు. పాస్టరు గారి భార్య వీనస్‌గా, ఒక కూతురు అమెజాన్ వీరవనితగా కూడిన కుటుంబ చిత్రం ఎంత పెద్దదవుతుందంటే, ఏ తలుపులోనూ పట్టక వంటింటి గోడకు ఆనించి వదిలేస్తారు. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'కు ప్రేరణ ఆ నవలే కాబట్టి, తెలుగు పాఠకులకు అది పూర్తిగా పరాయి ఇల్లు కాదు. అదే గోల్డ్‌స్మిత్ 1770లో 'ది డెజర్టెడ్ విలేజ్'ను చిత్రకారుడు రెనాల్డ్స్‌కు అంకితమిచ్చాడు.

అక్కచెల్లెళ్ళు కొట్టుకున్న సందర్భమూ ఉంది. 1763లో కవి చార్ల్స్ చర్చిల్ తన పద్యలేఖలో చిత్రకారుడు విలియం హోగార్త్‌ను వార్ధక్యం మీద పడ్డ అసూయాపరుడిగా చీల్చిచెండాడితే, హోగార్త్ ఆ కవిని బీరు కూజా పట్టుకున్న ఎలుగుబంటిగా గీసి అచ్చేశాడు.

చిత్రకారులు కవుల నుంచి ఏం తీసుకున్నారు?

దీనికి థామస్ గ్రే రాసిన 'ది బార్డ్' మంచి దారి చూపుతుంది. 1757లో అచ్చయిన ఈ కావ్యంలో ఆఖరి వేల్స్ కవి కొండకొమ్ము మీద నిలబడి ఎడ్వర్డ్ రాజు సేనను శపిస్తాడు. ఆయన గడ్డమూ నెరిసిన జుట్టూ అల్లకల్లోలమైన గాలిలో ఉల్కలా ప్రవహిస్తాయి. బైబిలు ప్రవక్త ఎజెకియెల్ దర్శనంలో పరమేశ్వరుణ్ణి చూపే రఫేల్ చిత్రం నుంచి ఈ ఊహ తీసుకున్నానని గ్రే తానే అధోజ్ఞాపికలో రాశాడు. ఇటలీ పటం నుంచి ఇంగ్లీషు పద్యంలోకి వచ్చిన ఆ జుట్టు 1774లో వేల్స్ చిత్రకారుడు థామస్ జోన్స్ చేతిలో తిరిగి పటమైంది. అది ఇప్పుడు కార్డిఫ్ జాతీయ మ్యూజియంలో ఉంది. 1797, 98ల్లో విలియం బ్లేక్ గ్రే కవితలకు వేసిన 116 నీటిరంగు చిత్రాల్లోనూ ఆ కవి ఉన్నాడు.

గ్రేకు ఈ చుట్టరికంతో ఇబ్బందులూ తప్పలేదు. 1753లో మిత్రుడు హొరేస్ వాల్పోల్ ఆయన ఆరు పద్యాలకు రిచర్డ్ బెంట్లీ చేత బొమ్మలు వేయించి పెద్ద పుస్తకం తెచ్చాడు. ఈ కొద్ది పద్యాలకు ఇంత ఆర్భాటమా అని సిగ్గుపడిన గ్రే, పుస్తకం పేరులో బొమ్మలే ముందుండాలనీ, పద్యాలు వెనకుండాలనీ, తన రూపచిత్రం మాత్రం అసలే వద్దనీ పట్టుబట్టాడు. 1769లో ఇంగ్లండులోని సరస్సుల ప్రాంతానికి వెళ్ళినప్పుడు, దృశ్యానికి వీపు తిప్పి నిలబడి దాన్ని క్లాడ్ పటంలా చూపించే నల్లని కుంభాకారపు అద్దం ఒకటి వెంట తీసుకువెళ్ళాడు. అది చేతిలో ఉండగానే బురద సందులో వెల్లకిలా పడ్డాడు. వేళ్ళ కణుపులకు తప్ప దేనికీ దెబ్బ తగల్లేదనీ, అయినా అక్కడే ఉండి సూర్యాస్తమయం చూశాననీ మిత్రుడికి రాశాడు.

చిత్రకారిణి ఆంజెలికా కాఫ్‌మన్ 1782 పటంలో చిత్రకళ రూపంలో తనను తాను కూర్చోబెట్టుకుని, పక్కనున్న కవితా దేవత చెప్పేది వింటున్నట్టు చూపింది. లండన్ కెన్‌వుడ్ భవనంలో దాన్ని చూడవచ్చు.

ఈ సిద్ధాంతాన్ని ఎవరూ ప్రశ్నించలేదా?

గట్టిగానే ప్రశ్నించారు. జర్మనీలో విమర్శకుడు లెస్సింగ్ 1766లో 'లవొకోవొన్' రాసి, చిత్రం స్థలంలో పక్కపక్కనే ఉండేవాటిని చూపుతుందనీ, కవిత్వం కాలంలో ఒకదాని వెంట ఒకటి జరిగేవాటిని చెబుతుందనీ గీత గీశాడు. వర్ణనకు వర్ణన చేర్చుకుపోయే కవులు పాఠకుడి మనసులో ఏ బొమ్మనూ నిలబెట్టలేరని ఆయన వాదం. అడవికోడినీ, హాగ్లీనీ దృష్టిలో పెట్టుకుంటే, ఇంగ్లీషు కవుల్లో మేటివారు ఆ పుస్తకం రాకముందే ఆ తేడాను చేతల్లో గ్రహించారని నాకు అనిపిస్తుంది.

అంతకంటే ముందే, 1757లో, రచయిత ఎడ్మండ్ బర్క్ మరింత మూలానికి వెళ్ళాడు. మాటలు మనసులో బొమ్మలు గీసి పనిచేస్తాయన్న నమ్మకమే తప్పన్నాడు. పుట్టుకతో కాకపోయినా పసితనం నుంచే అంధుడైన స్కాట్లండు కవి బ్లాక్‌లాక్ కంటితో చూడగలిగినవారికి దీటుగా దృశ్యాలు వర్ణించాడనీ, అంధుడైన సాండర్సన్ కేంబ్రిడ్జిలో వెలుగూ రంగుల మీద పాఠాలు చెప్పాడనీ రుజువులు చూపాడు. కవిత్వం బలం అనుకరణలో లేదనీ, ఒకరి ఉద్వేగం మరొకరికి సోకడంలో ఉందనీ ఆయన నిర్ణయం. డాక్టర్ జాన్సన్ 1759లో తన 'రాసెలస్'లో ఒక పాత్ర చేత, కవి పని తులిప్ పువ్వు మీది చారలు లెక్కపెట్టడం కాదనిపించాడు.

మరి ఈ చుట్టరికం ఎప్పుడు సడలింది?

సిద్ధాంతంగా దాన్ని నీరుగార్చింది అతిగా నమ్మినవారే. వైద్యుడూ కవీ అయిన ఎరాస్మస్ డార్విన్ 1789లో 'ది లవ్స్ ఆఫ్ ది ప్లాంట్స్'లో, కవి ప్రధానంగా కంటి కోసమే రాస్తాడని బాహాటంగా ప్రకటించి, అలాగే రాశాడు. పుటల తరబడి మెరుపే, లోపల కదలిక తక్కువ. తర్వాతి తరంలో వర్డ్స్‌వర్త్ కంటి నిరంకుశత్వం మీద ఫిర్యాదు చేశాడు. అయితే అదే 1789లో బ్లేక్ 'సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్' పద్యాలనూ బొమ్మలనూ ఒకే రాగిరేకు మీద తయారుచేశాడు. రాయల్ అకాడమీ 1798 నుంచి ప్రదర్శన జాబితాలో పద్యాలు ఉటంకించడానికి అనుమతిస్తే, యువ చిత్రకారుడు టర్నర్ ఆ యేడే తన బటర్‌మియర్ సరస్సు చిత్రానికి థామ్సన్ పాదాలు జతచేశాడు.

కొత్తగా చదవబోయేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

'గ్రాంగర్ హిల్'తో. చిన్నది, భాష సులువు, ఒక్కసారి కూర్చుంటే పూర్తవుతుంది. ఆ తర్వాత 'ఓడ్ టు ఈవెనింగ్'ను పైకి చదవండి. 'ది సీజన్స్' మొత్తం ఒక్కసారిగా మీద వేసుకోవద్దు. 'వింటర్'తో మొదలుపెట్టి హాగ్లీ భాగానికి వెళ్ళడం మేలు. పోప్ పద్యలేఖకు మాత్రం మంచి టీకా ఉన్న ప్రతి తీసుకోవాలి, లేకపోతే ఆ పటాల్లోని స్త్రీలెవరో, ఆ వేషాలేమిటో అర్థంకాక సగం వ్యంగ్యం జారిపోతుంది. చదివేటప్పుడు క్లాడ్ పటం ఒకటి తెర మీద తెరిచి పక్కన పెట్టుకోండి, కానీ పద్యంలోని ప్రతి మాటనూ అందులో వెతకకండి.